తాళపుచెవి ఎవరియొద్ద నున్నది?

మన పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, మార్కులు ఒకప్పుడు పాఠశాల బీరువాలోని పుస్తకములందు ఉండెడివి. ఆ బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో అందరును ఎరుగుదురు. నేడు పెక్కు విద్యాలయములు, వైద్యశాలలు, బ్యాంకులు ఇట్టి వివరములను ‘క్లౌడు’ నందలి డేటాబేసులలో భద్రపరచుచున్నవి. క్లౌడనగా ఆకాశమున తేలు మేఘము కాదు. దూరమున నేలమీద కట్టిన భవనములలోని కంప్యూటర్ల సముదాయమే. మైక్రోసాఫ్టు సంస్థ 2015లో మన దేశమున తెరచిన మూడు కేంద్రములలో ఒకటి చెన్నైలోనే కలదు. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను అట్టి కేంద్రములను నెలకొల్పినది.

మరి ఈ బీరువాలను తెరువదగినవారెవరు? ఒక్కొక్క డేటాబేసునకు ఒక్కొక్క పాస్‌వర్డు ఏర్పరచుట పూర్వపద్ధతి. పది డేటాబేసులతో పనిచేయు ఉద్యోగికి పది పాస్‌వర్డులు. అతడు వానిని జ్ఞాపకముంచుకొనలేక కాగితముపై వ్రాసికొనును. అతడు ఉద్యోగము విడిచిపోయినపుడు తొమ్మిదింట పేరు కొట్టివేసి పదవదానిని మరచినచో, ఆ తలుపు తెరచియే యుండును.

ఈ చిక్కును తీర్చునది కేంద్ర డైరెక్టరీ. ఇది సిబ్బంది అందరి పేర్లుగల ఒక్కటే పట్టీ వంటిది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున 1983లో ఆరంభమైన అథీనా ప్రణాళికనుండి ‘కెర్బెరాస్’ అను పద్ధతి పుట్టినది. మైక్రోసాఫ్టువారి ‘యాక్టివ్ డైరెక్టరీ’ దానినే అనుసరించుచున్నది. అమెజాన్ క్లౌడునందలి పలు డేటాబేసులను ఇట్టి డైరెక్టరీతో జతపరుపవచ్చును.

దీని తీరు ఇట్టిది. ఉద్యోగి ఉదయమున డైరెక్టరీకి తానెవరో ఒక్కసారి రుజువు చేసికొనును. పిమ్మట అతడు ఏ డేటాబేసును కోరిన, దానికై డైరెక్టరీ ఒక ముద్రవేసిన చీటీ నిచ్చును. ఆ ముద్రను విప్పగల రహస్యము డైరెక్టరీకిని, ఆ డేటాబేసునకును మాత్రమే తెలియును. కావున పాస్‌వర్డు డేటాబేసును చేరనే చేరదు. చీటీకి గడువు కలదు. యాక్టివ్ డైరెక్టరీలో అది సాధారణముగా 10 గంటలు. ఇరుపక్షముల గడియారములకు 5 నిమిషములకు మించి భేదమున్నచో చీటీ చెల్లదు. ఉద్యోగి వెడలిపోయిననాడు పట్టీలో ఒక్క పేరు తొలగించిన చాలును. కొత్త చీటీ పుట్టదు. ముందే పొందిన చీటీ గడువు తీరగానే వ్యర్థమగును.

అయితే రెండు సంగతులు మరువరాదు. డైరెక్టరీ ‘ఇతడెవరు’ అని మాత్రమే చెప్పును. ‘ఇతడేమి చూడవచ్చును’ అనునది డేటాబేసునందే నిర్ణయింపవలెను. ఫీజుల గుమాస్తాకు పిల్లల వైద్య వివరములతో పనియేమి? రెండవది, అన్ని తలుపులకు చెవి ఒక్కటే యైనపుడు అది దొంగల పాలైన నష్టమును అంతే పెద్దది. కావున పాస్‌వర్డుతోపాటు ఫోనునకు వచ్చు సంకేతము వంటి రెండవ రుజువును కోరుట అవసరము.

తలిదండ్రులారా! మన పిల్లల వివరములు ఏ సంస్థ కోరినను మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగుడు: వీనిని ఎవరెవరు చూడగలరు? పని విడిచినవారి పేరు ఏనాడు తొలగింతురు? రెండవ రుజువు కోరుదురా? బీరువా కంటికి కనబడకున్నను, అందున్నవి మన బిడ్డల వివరములే.