రాత్రి షిఫ్టులో కనిపించని కెమిస్టు

బొగ్గును, నీటిని పరీక్షించే ల్యాబ్‌లో మహిళకు చోటు దొరికి చాలాకాలమైంది. ప్లాంటును నడిపే కుర్చీకి దారి మాత్రం రాత్రి డ్యూటీ మీదుగానే పోతుంది

ఒక గ్రాము బొగ్గు పొడి. దాని వెనక దాదాపు 4,000 టన్నుల గూడ్సు రైలు. కోల్‌కతా చుట్టుపక్కల ఏ థర్మల్ విద్యుత్ కేంద్రంలోనైనా కెమిస్టు పని ఈ లెక్కతో ముడిపడి ఉంటుంది. వ్యాగన్ల నుంచి తీసిన నమూనాను నలగ్గొట్టి, 212 మైక్రాన్ల జల్లెడ పట్టి, చివరికి మిగిలిన ఆ గ్రామును బాంబ్ కెలోరీమీటర్‌లో ఆక్సిజన్ నింపి కాలుస్తారు. పుట్టిన వేడిని బట్టే రైలు మొత్తానికి ధర. 2012 జనవరి నుంచి దేశంలో బొగ్గును జి-1 మొదలు జి-17 దాకా 17 గ్రేడ్లుగా లెక్కిస్తున్నారు. గ్రేడుకూ గ్రేడుకూ మధ్య కిలోకు 300 కిలోకేలరీల తేడా. పరీక్షలో 4,010 వస్తే జి-11, 3,990 వస్తే జి-12. గనికీ విద్యుత్ కేంద్రానికీ మధ్య కోట్ల రూపాయల పేచీలు పుట్టేది ఇక్కడే. కోల్ ఇండియా ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోనే ఉంది కాబట్టి ఆ పేచీల ఫైళ్లు కూడా చివరికి చేరేది ఈ నగరానికే.

అంత బాధ్యత ఉన్న ల్యాబ్ బల్ల దగ్గర మహిళ కనిపిస్తే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ మాటకొస్తే కోల్‌కతాకు మహిళా పట్టభద్రులు కరెంటు కన్నా ముందే వచ్చారు. కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు డిగ్రీలు అందుకున్నది 1883లో. ఇమాంబాగ్ లేన్‌లో నగరపు తొలి థర్మల్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది 1899 ఏప్రిల్‌లో. రసాయనశాస్త్రంలోనైతే అసీమా ఛటర్జీ ఉన్నారు. 1940లో లేడీ బ్రాబోర్న్ కాలేజీలో కెమిస్ట్రీ విభాగాన్ని నెలకొల్పి, 1944లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డీఎస్సీ పట్టా పొందారామె. 1961లో భట్నాగర్ పురస్కారం, 1975లో సైన్స్ కాంగ్రెస్ అధ్యక్ష పదవి దక్కాయి. రెండూ మహిళల్లో తొలిసారి ఆమెకే. అయితే ఆమె ప్రపంచం మొక్కల నుంచి తీసే ఔషధాలది. విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు వేళాపాళా ఉంటుంది. బాయిలర్‌కు ఉండదు.

చిక్కంతా అక్కడే మొదలైంది.

విద్యుత్ కేంద్రంలో కెమిస్టు అసలు శత్రువు బొగ్గు కాదు, నీరు. టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరిచి మళ్లీ నీటిగా మార్చి బాయిలర్‌కు పంపుతారు. ఈ నీరు ఎంత శుద్ధంగా ఉండాలంటే, అధిక పీడనంతో నడిచే యూనిట్లలో ఆవిరిలోని సిలికా వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు మించకూడదు. మించితే అది టర్బైన్ రెక్కల మీద గాజులా పేరుకుపోతుంది. హుగ్లీ లాంటి నది నీటితో చల్లబరిచే చోట మరో గండం ఉంది. కండెన్సర్ గొట్టాల లోపల నది నీరు, బయట శుద్ధమైన ఆవిరి. ఆ వేల గొట్టాల్లో ఒక్కదానికి సూదిమొన అంత చిల్లు పడినా, లోపలి శూన్యం నది నీటిని పీల్చేసుకుంటుంది. మొదటి సంకేతం నీటి విద్యుద్వాహకత పెరగడం. అది నిజమైన లీకా, మీటర్ తప్పా అని తేల్చాల్సింది షిఫ్ట్ కెమిస్టు. లోడు తగ్గించాలా, కండెన్సర్‌లో సగాన్ని వేరుచేయాలా, యూనిట్‌నే ఆపాలా అని కంట్రోల్ రూమ్ అడిగేది కూడా ఆ కెమిస్టునే. యూనిట్ ఆపితే వందల మెగావాట్లు పోతాయి. ఆపకపోతే బాయిలర్ గొట్టాలు పోతాయి. గొట్టం ఆఫీసు వేళల్లోనే చిల్లు పడుతుందన్న హామీ ఏమీ లేదు.

ఇలాంటి రాత్రులు ఎన్ని గడిపారన్నదే ఈ వృత్తిలో అనుభవం. జనరల్ షిఫ్టులో ఉదయం వచ్చి రాత్రి ఏం జరిగిందో లాగ్‌బుక్‌లో చదువుకునే వ్యక్తి ఎంత మంచి రసాయనశాస్త్రవేత్త అయినా, ప్లాంటును నడపగలరా అన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది.

ఇక చట్టం ఏమనేది? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం మహిళ ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే ఫ్యాక్టరీలో పనిచేయాల్సి ఉండేది. రాష్ట్రాలు ఈ వేళల్ని కొంత సడలించే వీలుండేది, కానీ రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ససేమిరా కుదిరేది కాదు. విద్యుదుత్పత్తి కూడా ఆ చట్టం దృష్టిలో తయారీ ప్రక్రియే. అంటే పవర్ స్టేషన్ కూడా ఫ్యాక్టరీయే. అధికారి హోదా ఉన్నా తప్పించుకునే దారి ఉండేది కాదు: పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ ఉద్యోగులకు పనివేళల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చిన 64వ సెక్షన్, ఈ రాత్రి నిషేధాన్ని మాత్రం ప్రత్యేకంగా పేర్కొని మరీ మినహాయింపుల నుంచి తప్పించింది. విడ్డూరమేమిటంటే, 1950లో భారత్ ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 89వ ఒప్పందం బాధ్యతాయుతమైన సాంకేతిక పదవుల్లో ఉన్న మహిళలకు ఈ నిషేధం వర్తించదనే చెప్పింది.

చట్టం కరుణించింది ఒకే ఒక్క సరుకు మీద. చేపల్ని ఉప్పుపట్టే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో మహిళలు రాత్రి పనిచేసేలా రాష్ట్రాలు నిబంధనలు సడలించే వీలుండేది. ఎందుకంటే చేప ఆగదు, కుళ్లిపోతుంది. చేప విలువ తెలిసిన బెంగాల్‌లో దీనిపై ఎవరికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. కానీ బాయిలర్ మాత్రం తెల్లారేదాకా ఆగుతుందా అని కెమిస్ట్రీ చదివిన వారెవరైనా అడుగుతారు.

ఆ సెక్షన్‌కు తొలి దెబ్బ దక్షిణాదిలో తగిలింది. 2000లో మద్రాస్ హైకోర్టు ఈ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని, తగిన రక్షణలతో మహిళలు రాత్రి పనిచేయవచ్చని తీర్పు ఇచ్చింది. 2002లో త్రివేణి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టూ అదే బాట పట్టింది. గనుల విషయంలో మార్పు మరీ ఆలస్యం. భూగర్భంలోకి మహిళలు దిగకూడదన్న 1952 నాటి నిబంధనను కేంద్రం సడలించింది 2019లో. రెండేళ్లకు, 2021లో, కోల్ ఇండియా అనుబంధ సంస్థ సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్‌కు చెందిన ఆకాంక్ష కుమారి భూగర్భ గనిలో పనిచేసే తొలి మహిళా మైనింగ్ ఇంజనీరుగా వార్తల్లోకెక్కారు.

ఇన్ని అడ్డంకుల మధ్య పైదాకా వెళ్లినవారు లేకపోలేదు. హుగ్లీకి అవతలి ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ చదివిన శుక్లా మిస్త్రీ 1986లో ఇండియన్ ఆయిల్‌లో చేరారు. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ రిఫైనరీల డైరెక్టరయ్యారు. ఆ పదవిలో మహిళ కూర్చోవడం అదే మొదలు. ఆమె చదువు లోహాలది, కెమిస్టు చదువు ద్రవాలది. కానీ రిఫైనరీలో ఇద్దరి తలనొప్పీ ఒకటే: తుప్పు. అదే ఏడాది ఆగస్టులో లిథియం బ్యాటరీలపై పరిశోధన చేసిన రసాయనశాస్త్రవేత్త ఎన్. కలైసెల్వి సీఎస్ఐఆర్ తొలి మహిళా అధిపతి అయ్యారు. మిస్త్రీకి ఆ కుర్చీ దక్కడానికి ఉద్యోగంలో చేరాక సుమారు 36 ఏళ్లు పట్టింది. ఒకరిద్దరి పేర్లు చెప్పి తలుపులు తెరుచుకున్నాయనడం తొందరపాటే.

ఎందుకంటే తలుపులు మళ్లీ మూసుకునే ప్రమాదాన్ని కోల్‌కతా ఇటీవలే చూసింది. 2024 ఆగస్టు 9న ఆర్.జి.కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. నగరం మహిళలంతా రాత్రివేళ వీధుల్లోకి వచ్చి, రాత్రి మాది కూడా అని నినదించారు. కొద్దిరోజులకే రాష్ట్ర ప్రభుత్వం ‘రాత్తిరేర్ సాథీ’ పేరుతో మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో ఒకటి, వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీ వేయవద్దని. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. భద్రత కల్పించడం ప్రభుత్వ బాధ్యత, మహిళల్ని రాత్రి పనిచేయొద్దనడం పరిష్కారం కాదని స్పష్టం చేసింది. ఆ నిబంధన తొలగిస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. కేసు వైద్యులదే అయినా, తర్కం 1948 నాటిదే: ప్రమాదం ఉంటే ప్రమాదాన్ని కాదు, మహిళనే తప్పించు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో పాత ఫ్యాక్టరీల చట్టం తెరమరుగైంది. కొత్త కోడ్ ప్రకారం మహిళ సమ్మతిస్తే రాత్రి 7 తర్వాత, ఉదయం 6కు ముందు కూడా పనిచేయవచ్చు. భద్రత, సెలవులు, పనివేళలకు సంబంధించిన షరతుల్ని ప్రభుత్వాలు నిర్దేశించాలి. కాగితం మీద ఇది పెద్ద మార్పే. ఊరికి దూరంగా, నది ఒడ్డున ఉండే ప్లాంటులో ఆచరణ వేరు. కంట్రోల్ రూమ్ నుంచి నీటి శుద్ధి విభాగానికి, అక్కడి నుంచి నమూనాలు తీసే చోటుకు చీకట్లో నడవాలి. దారిలో దీపాలు, దగ్గర్లో మరుగుదొడ్డి, షిఫ్టు దిగాక ఇంటిదాకా వాహనం కావాలి. నెలకొకసారి కాదు, ప్రతి షిఫ్టుకూ. ఇవేవీ లేని చోట మహిళ సమ్మతి ఇవ్వకపోతే ఆమె మళ్లీ జనరల్ షిఫ్టుకే వెళ్తుంది. అలా వెళ్లిన కెమిస్టు పదేళ్ల తర్వాత పదోన్నతి జాబితాలో ఎక్కడ ఉంటారన్న సంగతి కోడ్‌లో ఎక్కడా లేదు.