చదరంగంలో అసలు కష్టం ఎక్కడుంది?

చదరంగం నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. అరవై నాలుగు గడులు, ముప్పై రెండు కాయలు, ఆరు రకాల నడకలు. పదేళ్ల పిల్లవాడు సాయంత్రానికల్లా ఆడేస్తాడు. కొన్ని నెలల్లో ఇంట్లోవాళ్లందరినీ ఓడిస్తాడు. ఆ ఉత్సాహంతో పోటీలకు వెళ్తాడు, అక్కడ వరుసగా ఓడిపోతాడు. ఇంటికొచ్చాక "వీడికి అంత బుర్ర లేదు" అనో, "చదువు పాడవుతోంది, ఇక చాలు" అనో పెద్దలు అంటారు. చాలామంది పిల్లల ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆ ఓటముల వెనుక ఉన్న కారణాలు పెద్దలకు తెలిస్తే, వారిలో కొందరైనా నిలబడతారు. అందుకే ఈ ఆటలో ముందుకు పోవడం ఎందుకు కష్టమో ఇక్కడ వివరిస్తున్నాం.

ఎదుటివాడి ఎత్తు కనబడదు

ఆట మొదట్లో తెల్లకాయలవాడికి 20 ఎత్తులు సాధ్యం. నల్లకాయలవాడికీ అంతే. ఇద్దరూ చెరొక ఎత్తు వేసేసరికి బోర్డు 400 రకాలుగా మారవచ్చు. ఇన్నింటినీ ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి మనిషి తనకు నచ్చిన దారినే చూస్తాడు. "నేను ఇలా వేస్తే వాడు అలా వేస్తాడు, అప్పుడు వాడి మంత్రి నాది" అనుకుంటాడు. ఆ "అలా" అన్నది తనకు అనుకూలమైన జవాబు. ఎదుటివాడు దాన్నే వేయాలని ఎక్కడా లేదు.

ఈ గుడ్డితనం కొత్తవాళ్లకే పరిమితం కాదు. 2006లో జర్మనీలోని బాన్ నగరంలో ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో ఆడుతూ, తర్వాతి ఎత్తులోనే చెక్‌మేట్ ఉందన్నది చూడకుండా మంత్రిని జరిపాడు. ఆట అక్కడే ముగిసింది. ఈ పొరపాటుకు మందు ఒక్కటే: కాయను ముట్టుకోకముందే "ఎదుటివాడు ఇప్పుడు నన్ను ఏం చేయగలడు?" అని ప్రతిసారీ అడుక్కోవడం. పోటీల్లో ముట్టుకున్న కాయనే కదపాలన్నది నియమం. చేయి ముందుకు పోయాక ఆలోచించి లాభం లేదు.

కంఠతా పడితే సరిపోదు

రెండో కష్టం ఆరంభపు ఎత్తులు. వీటిపై పుస్తకాలు, వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. పిల్లలు పది పన్నెండు ఎత్తులు బట్టీపట్టి వెళ్తారు. ఎదుటివాడు మూడో ఎత్తులోనే దారి మారిస్తే చేతులెత్తేస్తారు.

ఇక్కడ మీర్ సుల్తాన్ ఖాన్ కథ గుర్తుచేసుకోవాలి. ఆయన అవిభక్త పంజాబుకు చెందినవాడు. మన దేశపు పాత పద్ధతిలో ఆట నేర్చుకున్నాడు. ఆ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. కాబట్టి ఐరోపా ఆరంభాలన్నీ ఆయనకు కొత్తే. సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట 1929లో ఇంగ్లండు వెళ్లి, ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్లీ గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కపబ్లాంకాను ఓడించాడు. ఆరంభంలో వెనకబడినా, కాయలకు చక్కటి చోటు చూపించడంలో, చివరి దశలో ఓపికగా ఆడడంలో ఆయన బలం ఉండేది. 1933 చివర్లో స్వదేశం వచ్చాక పెద్ద పోటీలకు దూరమయ్యాడు. ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది 2024లో, ఆయన కన్నుమూసిన చాలా ఏళ్లకు.

జ్ఞాపకం ఎలా పనిచేస్తుంది?

గొప్ప ఆటగాళ్లు ఇరవై ఎత్తులు ముందుకు చూస్తారని అందరూ అనుకుంటారు. డచ్ మనస్తత్వవేత్త డి గ్రూట్ 1940లలో పరిశీలించినప్పుడు అలా తేలలేదు. లోతుగా లెక్కపెట్టడంలో మాస్టర్లకూ మామూలు మంచి ఆటగాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. మాస్టర్లు మంచి ఎత్తును త్వరగా గుర్తుపట్టేవారు. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే పరిశోధకులు ఇంకొక పరీక్ష చేశారు. నిజమైన ఆటలోని బోర్డును ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ మిగతావారికన్నా చాలా ఎక్కువ కాయలను తిరిగి పేర్చగలిగాడు. కాయలను అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే ఆ ఆధిక్యం మాయమైంది.

అంటే మాస్టర్ తలలో ఉన్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, ఏళ్ల తరబడి చూసిన ఆటల నమూనాలు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కొన్నాళ్లకు పదాన్ని ఒక్క చూపులో చదివినట్టే ఇదీ. పరీక్షల ముందు ఒక్క రాత్రి కూర్చుని చదివితే రాదు. రోజూ అరగంట లెక్కన కొన్నేళ్లు పడుతుంది.

కాయలు తగ్గితే తేలిక కాదు

బోర్డు ఖాళీ అయ్యేకొద్దీ ఆట సులువవుతుందని తోస్తుంది. పదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫాల కొలువులో అస్సూలీ అనే మహా ఆటగాడు ఉండేవాడు. ఆయన షత్రంజ్‌లో ఒక సమస్య కూర్చాడు. బోర్డు మీద నాలుగే కాయలు: ఇద్దరు రాజులు, ఇద్దరు మంత్రులు. నాటి మంత్రి మూలగా ఒక్క గడే కదిలేవాడు. అయినా ఆ సమస్య దాదాపు వెయ్యేళ్లు ఎవరికీ లొంగలేదు. 1980లలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ అవెర్‌బాఖ్ దాన్ని విప్పాడు.

చివరి దశలో ప్రతి ఎత్తుకూ విలువ పెరుగుతుంది. ఒక్క ఎత్తు ఆలస్యమైతే గెలుపు డ్రా అవుతుంది. ఏనుగు, బంటు మిగిలిన ఆటలు చాలా తరచుగా వస్తాయి. అయినా పిల్లలు వాటిని నేర్చుకోరు, ఎందుకంటే అందులో మెరుపులు ఉండవు.

గడియారం, అలసట

2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరిదైన 14వ ఆట. గుకేశ్, డింగ్ లిరెన్ ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు. ఆట డ్రా వైపు సాగుతోంది. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు, శకటులు మారిపోయి బంట్ల ఆట మిగిలింది, అందులో గుకేశ్ గెలుపు ఖాయమైంది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. గంటల తరబడి కూర్చున్న తర్వాత, గడియారంలో నిమిషాలు కరుగుతుండగా సరిగ్గా ఆలోచించడం విడిగా అలవరచుకోవలసిన విద్య. నిద్ర, ఆహారం, వ్యాయామం కూడా ఈ ఆటలో భాగమే.

అన్నిటికన్నా కష్టం ఓటమి

క్రికెట్‌లో ఓడితే పిచ్‌నో, అంపైర్‌నో అనవచ్చు. చదరంగంలో పాచికలు లేవు, జట్టు లేదు. తప్పు నాదే అని ఒప్పుకోవాలి. అందుకే ఓడిన ఆటను మళ్లీ చూడాలంటే పిల్లలకు ప్రాణం మీదకు వస్తుంది. ఎదుగుదల మాత్రం అక్కడే ఉంది.

రేటింగ్ సంగతి కూడా పెద్దలు తెలుసుకోవాలి. 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడికి వంద ఆటల్లో సుమారు 76 పాయింట్లు వస్తాయని ఆ లెక్క చెబుతుంది. ఆట మెరుగయ్యేకొద్దీ గట్టివాళ్లే ఎదురవుతారు. కాబట్టి ఎదుగుతున్న పిల్లవాడూ తరచుగా ఓడతాడు. నెలల తరబడి రేటింగ్ కదలకపోవడం మామూలు విషయం.

ఇంటి అండ ఎంత ముఖ్యమో కోనేరు హంపి జీవితం చూపిస్తుంది. తండ్రి అశోక్ గారు అధ్యాపక వృత్తి వదిలి ఆమెకు శిక్షణ ఇచ్చారు. 2002లో, పదిహేనేళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. తల్లి అయ్యాక కొంతకాలం ఆటకు దూరంగా ఉండి, తిరిగివచ్చి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు.

మనం చేయగలిగింది

ఉద్యోగం వదిలి కూర్చునే వీలు ఎన్ని ఇళ్లకు ఉంటుంది? బోర్డు ఖరీదు తక్కువే. ఖర్చంతా శిక్షకుడి ఫీజులో, పోటీల ప్రవేశ రుసుములో, రైలు టికెట్లలో, తోడు వెళ్లే పెద్దవారు పోగొట్టుకునే కూలిలో ఉంటుంది. ఆటలో చేయూతనివ్వదలచిన వారు గెలిచిన రోజు ఇచ్చే కప్పుకన్నా వీటిలో ఒకదాన్ని ఏడాది పొడవునా భరించడం మేలు. గెలుపు రాని ఏడాదిలోనే ఆ సాయం ఎక్కువ అవసరమవుతుంది.

ఇంట్లో చేయవలసింది ఇంకా తేలిక. పోటీ నుంచి వచ్చిన పిల్లవాడిని "గెలిచావా?" అని అడగకండి. "ఎత్తులు రాసుకున్నావా? ఎక్కడ తప్పిందో చూపించు" అని పక్కన కూర్చోండి. మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు. మీకు వివరించబోయి వాడే నేర్చుకుంటాడు.