పోర్టబుల్ బట్టల డ్రయర్ కొనొచ్చా? ఒక వానాకాలం వాడాక నా రివ్యూ

రెజిమెంటల్ బజార్‌లో మా పోర్షన్‌కి ఉన్న ప్లస్ పాయింట్ ఒక్కటే, సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. మైనస్ ఏంటంటే బాల్కనీ లేదు, కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క బిల్డింగ్ గోడ తగులుతుంది. జూలై వచ్చిందంటే జీన్స్ ఆరడానికి రెండు రోజులు. డాబా మీద ఆరేస్తే మనం ఆఫీసులో ఉన్నప్పుడే వాన పడుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో 900 వాట్ల ఫోల్డబుల్ డ్రయర్ ఒకటి తీసుకున్నా. మరి పెట్టిన డబ్బులకి న్యాయం చేసిందా? చూద్దాం.

ఎలా పనిచేస్తుంది?

కింద హీటర్, ఫ్యాన్ ఉన్న చిన్న బాక్స్. దానిమీద హ్యాంగర్లు తగిలించే రాడ్లు, చుట్టూ జిప్ ఉన్న కవర్. అంతే. డ్రమ్ తిరగదు, నీళ్లు పట్టే ట్యాంక్ ఉండదు. వేడి గాలి బట్టల మధ్య నుంచి పైకి వెళ్తుంది. లోపల ఉండేది పీటీసీ హీటర్. వేడి ఒక స్థాయి దాటితే దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంట్ దానంతట అదే తగ్గుతుంది. మామూలు కాయిల్ కంటే ఇది సేఫ్.

టెస్ట్‌లో ఏం తేలింది?

లగేజ్ తూచే స్కేల్‌తో బట్టలు తూచా. పొడిగా 2 కేజీలు. చేత్తో పిండాక 3.8 కేజీలు, అంటే 1.8 లీటర్ల నీళ్లు ఇంకా బట్టల్లోనే ఉన్నాయి. ఆరడానికి రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పట్టింది. అవే బట్టలు కింద పోర్షన్ వాళ్ల మెషీన్‌లో స్పిన్ చేసి తెస్తే 3.1 కేజీలే. గంటా నలభై నిమిషాల్లో ఆరిపోయాయి.

ఇందులో మ్యాజిక్ ఏమీ లేదు. లీటర్ నీళ్లు ఆవిరి కావాలంటే ఏ డ్రయర్ హీటరైనా దాదాపు 0.7 యూనిట్ ఖర్చు పెట్టాల్సిందే. స్పిన్నర్ మాత్రం నీళ్లని ఆవిరి చేయదు, విసిరేస్తుంది. అందుకే దానికి కరెంట్ చాలా తక్కువ చాలు.

అసలు ప్రాబ్లమ్

మొదటి రెండు వారాలు దోమలొస్తాయని కిటికీ మూసి రన్ చేశా. ఒకరోజు బీరువా జరిపితే వెనక గోడ మీద నల్లటి మచ్చలు! ఓనర్ ఆంటీ చూసి, "ఏంటి బాబూ, గోడంతా ఇలా చేశావ్? పెయింట్ డబ్బులు అడ్వాన్స్‌లో పట్టుకుంటా" అనేశారు. తప్పు నాదే. బట్టల్లో పోయిన నీళ్లు ఎక్కడికీ పోలేదు, గదిలోకే వచ్చాయి. ఇప్పుడు కిటికీ కొంచెం తెరిచి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఆ తలుపు దగ్గరే డ్రయర్ పెడుతున్నా. మచ్చలు మళ్లీ రాలేదు.

కరెంట్ బిల్లు సంగతి

స్పిన్ చేసిన లోడ్‌కి 1.5 యూనిట్లు, చేత్తో పిండినదానికి దాదాపు 2.5. నెలకి 20 లోడ్లంటే 30 నుంచి 50 యూనిట్లు. మీ ఇంటికి గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే జాగ్రత్త. నెలలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి.

ఇంకో మాట. 900 వాట్లంటే సుమారు 4 ఆంపియర్లు. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్ చాలు. కానీ చీప్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద, అందులోనూ ఐరన్ బాక్స్‌తో కలిపి పెట్టొద్దు. ఆన్ చేసి నిద్రపోవద్దు, బయటికి వెళ్లొద్దు.

వెర్డిక్ట్

రోజూ రెండు షర్టులు, లోదుస్తులు, సాక్సులు ఆరాలి, స్పిన్నర్ ఉంది, గాలి బయటికి పోయే దారి ఉంది అనుకుంటే కొనేయండి. బెడ్‌షీట్లు, జీన్స్ కోసమైతే వద్దు. స్పిన్నర్ లేకపోతే ముందు దానికి డబ్బులు దాచుకోండి. దానితోపాటు సీలింగ్ ఫ్యాన్ కింద ఒక స్టాండ్ ఉంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. నేనైతే అమ్మేయట్లేదు. కాకపోతే సెప్టెంబర్ దాటాక మడిచి మంచం కిందకి తోసేస్తా.