చాతం నుండి ఒక పగటి దూరంలో సాగరతీరాలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చాతంలో నివసించిన కాలంలో సముద్రం విషయంలో మాకూ అదే అనుభవమైనది. ఉద్యోగరీత్యా ఆ చిన్న దీవి వంతెన సమీపంలో కాపురమున్న మేము తెల్లవారి లేచింది మొదలు నీటినే చూసేవారము. అయినా నెలలు గడిచినా ఒక్క ఇసుకతీరమైనా చూడలేదు. చాతం నాలుగు వైపులా నీరే, కాని కాలు మోపి ఆడుకోదగిన తీరం అక్కడ లేదు. ఉన్నవి ఓడరేవు, దుంగల గుట్టలు, 1883లో స్థాపించిన ప్రభుత్వ రంపపు మిల్లు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి స్థావరం నెలకొల్పినది కూడా ఈ దీవి మీదనే. ఆయన పేరుతో వెలసిన పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు.

విజయనగరం జిల్లాలో సముద్రానికి దూరంగా ఉన్న మా పల్లె నుండి అమ్మగారు వచ్చిన తరువాతనే మాలో కదలిక వచ్చింది. "సముద్రం నడుమ కాపురం పెట్టి, ఒడ్డు చూడలేదంటారేమిటి బాబూ?" అన్నారామె. ఆ తరువాత ప్రతి సెలవుదినం ఒక తీరానికి బయలుదేరాము. పొద్దున వెళ్లి పొద్దుగూకకముందే తిరిగి రాగల ఆ యాత్రల విశేషాలను ఉద్యోగ మిత్రులతో, వారి కుటుంబాలతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

దగ్గరి తీరం

అన్నింటికన్నా చేరువైనది కార్బిన్స్ కోవ్. నగరానికి సుమారు 7 కి.మీ. దూరం. ఒక వైపు సముద్రం, మరొక వైపు కొండ, నడుమ మలుపులు తిరిగే దారి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ద్వీపాలను ఆక్రమించిన జపాను సైనికులు కట్టిన కాంక్రీటు బంకర్లు ఆ దారి పక్కనే కనబడతాయి. కొబ్బరిచెట్ల నీడన చంద్రవంకలా ఒదిగిన ఆ తీరానికి పసిపిల్లలున్న వారు సైతం అన్నం మూట కట్టుకొని ఒక పూటలో వెళ్లి రావచ్చు.

రేవు దాటితే

చాతం జెట్టీ నుండి బాంబూ ఫ్లాట్‌కు వాహనాలను సైతం ఎక్కించుకొనే ఫెర్రీ ఉన్నది. రోడ్డు మీద ఎంతో దూరం చుట్టి వెళ్లవలసిన చోటికి అది పావుగంటలో చేరుస్తుంది. ఆ సమీపాననే, హోప్ టౌన్ వద్ద, 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ అనే ఖైదీ హతమార్చాడు. అక్కడి నుండి మౌంట్ హారియట్ ఎక్కవచ్చు. 1891 యుద్ధానంతరం ఇక్కడికి ప్రవాసం పంపబడిన మణిపురి వీరుల స్మృత్యర్థం 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. కొండ మీది నుండి నార్త్ బే తీరం, దీపస్తంభం కనబడతాయి. పాత 20 రూపాయల నోటు వెనుక ముద్రించిన దృశ్యమదే. అమ్మగారు కొంగుముడి విప్పి నోటు తీసి, ఎదుటి దృశ్యంతో పోల్చి చూసి మురిసిపోయారు.

సూర్యాస్తమయం

దక్షిణాన సుమారు 25 కి.మీ. దూరంలో చిడియా టాపు, దానిని ఆనుకొని ముండా పహాడ్ తీరం ఉన్నాయి. ఇక్కడి సూర్యాస్తమయం కన్నులపండువు. అయితే ఒక సంగతి మరువరాదు. ఈ ద్వీపాలు దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటిదే. అందుచేత శీతకాలంలో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. వెంటనే అడవి దారి చీకటవుతుంది. మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసి బయలుదేరుదామనుకొనే వారికి ఈ తీరం దక్కదు.

వండూర్ దారిలో

మాకు మరపురానిది వండూర్ యాత్ర. అది మాఘ పౌర్ణమి. ఆనాడైనా సముద్రస్నానం చేయాలని అమ్మగారి కోరిక. దారిలో సిప్పీఘాట్ వద్ద రోడ్డు పక్కన విశాలంగా నిలిచిన నీరు, అందులో ఎండిన చెట్ల మోడులు కనబడ్డాయి. చెరువు కాబోలు అన్నారామె. కాదు, అవి ఒకనాటి వరిపొలాలు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు మేర కుంగిపోయింది. సునామీ కెరటం వెనుదిరిగినా, కుంగిన పొలాల్లోకి పోటునీరు రావడం మానలేదు. జీవితమంతా వరి నాటిన ఆ తల్లి కారు ఆపించి, చాలాసేపు ఆ నీటి వంకే చూస్తూ నిలబడ్డారు. "గట్లు కూడా మిగల్లేదు" అని మాత్రం అన్నారు.

వండూర్ తీరంలో నేలకొరిగి తెల్లబారిన మహావృక్షాల నడుమ నీటివైపు నడుస్తుండగా తీరరక్షకుడు అడ్డుకున్నాడు. ఆయన తెలుగువాడే. రెండు రోజుల క్రితం అక్కడ ఉప్పునీటి మొసలి కనబడిందనీ, ఎవరూ నీటిలో దిగరాదనీ చెప్పాడు. మోకాలిలోతు వరకేనని, పండుగనాడని, పెద్దావిడ అంత దూరం నుండి వచ్చారని మేము వాదించాము. మమ్మల్ని వారించినది అమ్మగారే. "కాపలావాడు చేలో దిగొద్దంటే దిగుతామా? చూసొచ్చాం కదా, సముద్రం మన చెప్పుచేతల్లో ఉండేది కాదు" అన్నారు. ఆ రక్షకుడే ఆమె చెంబుతో నీరు ముంచి తెచ్చి ఇచ్చాడు. ఆ నీటిని తలపై చల్లుకొని, సూర్యునికి నమస్కరించారు. వాదించినందుకు మాకు సిగ్గు కలిగింది.

వచ్చే వారికి మనవి

వండూర్ నుండే 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు పడవలు వెళతాయి. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఋతువును బట్టి మార్చి మార్చి తెరుస్తారు. ఒక దీవిలో పగడాలు కోలుకొనేందుకే ఈ ఏర్పాటు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకొని పోనివ్వరు. పగడపు ముక్కలు ఏరి తేవడం నేరం.

ఎల్.టి.సి. పై అండమాన్ వచ్చే మిత్రులకు మా సలహా ఒక్కటే. అన్ని తీరాలనూ ఒకేనాడు చుట్టబోక, ఒక రోజుకు ఒక తీరం చాలునని పెట్టుకొనండి. ఆటుపోట్ల వేళలు ముందుగా కనుక్కొనండి. హెచ్చరిక పలకను చదవండి, తీరరక్షకుని మాటను ఇంటి పెద్ద మాటగా గౌరవించండి. పొద్దుండగానే బయలుదేరి, వెలుగుండగానే వెనుదిరగండి.

అమ్మగారు మా పల్లెకు తిరిగి వెళ్లేటప్పుడు ఒక్క గవ్వనైనా వెంట తీసుకొని పోలేదు. తీరం గురించి అడిగిన వారికి మాత్రం ముందుగా సిప్పీఘాట్ పొలాల సంగతే చెబుతారట.