నిలువు తెరలు – గదికి తగిన ఎంపిక

ఎండను ఆపాలి, వెలుతురు రావాలి, ఇంటి గుట్టు బయటపడకూడదు. కిటికీ నుంచి మనము ఏకకాలంలో కోరేవి ఈ మూడు. ఒకప్పుడు కార్యాలయాలకే పరిమితమైన వర్టికల్ బ్లైండ్స్, అనగా నిలువు పట్టీల తెరలు, క్రమంగా ఉద్యోగుల ఇళ్ళలోకీ ప్రవేశించాయి. వీటి ఎంపికలో మేము చేసిన పొరపాట్లు తోటి ఉద్యోగులకు ఉపకరించగలవన్న తలంపుతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

విశాఖపట్నంలో సొంత ఇంటికి మారినప్పుడు, దుకాణంలో చూపిన మీగడ రంగు బట్టకు ముచ్చటపడి అన్ని గదులకూ దానినే అమర్చాము. కొద్ది రోజులకే చిక్కులు మొదలయ్యాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే మా అబ్బాయికి పగటి నిద్ర కరవయింది. వంటింటి పట్టీలు జిడ్డు పట్టాయి. హాలులో ఫ్యాను వేస్తే పట్టీలు ఒకదానికొకటి కొట్టుకోసాగాయి. కిటికీల కొలతలు శ్రద్ధగా తీశాము గాని, ఏ గదిలో ఎవరు, ఏ వేళ, ఏమి చేస్తారన్నది ఆలోచించలేదు.

మొదట చూడవలసినది దిక్కు. మధ్యాహ్నం దక్షిణపు ఎండ పైనుంచి పడుతుంది. దానిని సన్‌షేడ్ గాని, అడ్డ పట్టీల తెర గాని చక్కగా ఆపుతుంది. ఉదయం తూర్పు ఎండ, సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా నేరుగా గదిలోకి చొరబడతాయి. నిలువు పట్టీల అసలు ప్రయోజనం అక్కడే. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. జూన్ 21 ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా పడమరన గాక దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు 21 ప్రాంతంలో దాదాపు అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. కనుక పడమటి కిటికీ పట్టీలను వేసవిలో వాయవ్యానికి, చలికాలంలో నైరుతికి అభిముఖంగా తిప్పినట్లయితే ఎండ ఆగుతుంది, రెండవ వైపు నుంచి వెలుతురు వస్తుంది. అయితే అద్దం దాటి వచ్చిన వేడిలో అధిక భాగం గదిలోనే నిలుస్తుంది. వేడిని ముందుగానే ఆపేది బయటి నీడ: సన్‌షేడ్, చెట్టు, వట్టివేళ్ళ తడిక. తెర వీటికి తోడే గాని బదులు కాదు.

ఇక గదుల సంగతి. హాలులో బాల్కనీ వైపు జరిపే తలుపులకు సుమారు 100 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు బాగా నప్పుతాయి. పట్టీలన్నీ ఒక పక్కకు చేరడానికి గోడ మీద చోటు ఉంచుకోవాలి. లోపలికి తెరుచుకునే కిటికీ రెక్కలు పట్టీలకు తగలకుండా చూసుకోవాలి.

పడకగదికి, ముఖ్యంగా షిఫ్టు ఉద్యోగి పగలు నిద్రించే గదికి, వెలుతురు చొరని పూత గల బట్ట అవసరం. తెరను చట్రం లోపల గాక గోడకు బిగించి, ఇరువైపులా 10 సెంటీమీటర్లు అదనంగా ఉంచాలి. అప్పటికీ పట్టీల సందుల నుంచి సన్నని వెలుగు వస్తూనే ఉంటుంది. మేము లోపలి వైపు మందపాటి గుడ్డ తెర కూడా వేశాక గాని అబ్బాయికి కంటినిండా నిద్ర పట్టలేదు.

పిల్లల చదువు గదికి వెలుతురును పలుచబరిచే లేత రంగు బట్ట చాలును. కంప్యూటరు తెర కిటికీకి ఎదురుగా గాక పక్కగా ఉన్నట్లయితే కళ్ళకు శ్రమ తగ్గుతుంది. వంటింట్లో తడిగుడ్డతో తుడవదగిన పి.వి.సి. పట్టీలు మేలు. పొయ్యి దగ్గరి కిటికీకి మాత్రం ఏ తెరా వద్దు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది గొలుసు. ఒక సాయంత్రం మూడేళ్ళ మా మనుమరాలు హాలులో తెర గొలుసును దండలా మెడలో వేసుకొని గుండ్రంగా తిరుగుతూ కనబడింది. మా శ్రీమతి పరుగున వెళ్ళి తీసింది. అటువంటి ఉచ్చు పసిపిల్లల ఊపిరిని చప్పుడు కాకుండానే ఆపగలదు. గొలుసును గోడకు బిగించవలసిన క్లిప్పును అమర్చినవారు సంచిలోనే వదిలి వెళ్ళారు, మేమూ అడగలేదు. కర్మాగారంలో గార్డు లేని యంత్రాన్ని తిరగనివ్వని మేము, ఇంట్లో అంతకన్నా పెద్ద పొరపాటును నెలల తరబడి చూస్తూ ఊరుకున్నాము.

మరునాడే గొలుసు తెరలన్నీ తీయించి, కర్రతో తిప్పే రకం పెట్టించాము. పట్టీల అడుగున కూడా గొలుసు లేకుండా, బరువు పలకలు కుట్టినవి ఎంచుకున్నాము. చిన్నపిల్లలు ఉన్న ఇంట, వారు వచ్చిపోయే ఇంట కూడా, ఇదే శ్రేయస్కరం. గొలుసు తెరలు ఇప్పటికే ఉన్నవారు క్లిప్పు గోడకు బిగించి ఉన్నదా, గొలుసు వేలాడకుండా బిగువుగా ఉన్నదా అని నేడే పరిశీలించాలి. మంచాన్ని, సోఫాను కిటికీకి దూరంగా జరపాలి. రంగు, నాణ్యత, ధర ఆ తరువాతి మాట.