డిక్రీ బాకీ, ఐ.పి.: రైతు తెలిసికొనవలసిన సంగతులు



ఎరువుల మోతాదు, విత్తన శుద్ధి గురించి వ్రాయు ఈ పుటలలో కోర్టు సంగతి ఏల అని మీరు అడుగవచ్చును. వానలు తప్పి పంట పోయినను విత్తనము, అరక, ఇల్లు మిగిలిన రైతు మరుసటి ఏరువాకకు లేచి నిలబడగలడు. అవియు పోయినచో మేమిచ్చు సలహా ఏదియు అతనికి పనికిరాదు. బాకీ తీర్చలేని రైతుకు చట్టము కొంత రక్షణ కల్పించినది. తెలియకపోవుటచేత, భయముచేత దానిని వదలుకొనరాదు.

సమను వచ్చినపుడు

ఒక రైతు 2,00,000 రూపాయలకు ప్రోనోటు వ్రాసెననుకొందము. గడువు దాటినది, అప్పు ఇచ్చినవారు దావా వేసిరి. సమను అందినను రైతు పోలేదు. కోర్టువారు ఏకపక్షముగా డిక్రీ ఇత్తురు. తగిన కారణము చూపి దానిని రద్దు చేయించుకొనుటకు గడువు 30 దినములు మాత్రమే.

బాకీ నిజమైనను కోర్టుకు పోవుటయే మేలు. డిక్రీ ఇచ్చు సమయమున కారణము చూపి అడిగినచో, వాయిదాల మీద చెల్లింపుమని కోర్టు ఉత్తరువు చేయవచ్చును. డిక్రీ అయిన పిమ్మట వాయిదాలు కావలెనన్న అప్పులవారు ఒప్పుకొనవలెను. డిక్రీని 12 ఏండ్ల లోపల ఎప్పుడైనను అమలు పెట్టవచ్చును. ఊరకున్న మరచిపోవుదురని తలపరాదు.

జప్తు చేయరానివి

సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము వ్యవసాయదారుని సేద్యపు పనిముట్లను, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులను, విత్తన ధాన్యమును, అతడు కాపురముండు ఇంటిని డబ్బు డిక్రీ క్రింద జప్తు చేయరాదు. భూమికి సామాన్యముగా ఈ రక్షణ లేదు. తనఖా పెట్టిన ఆస్తి సంగతియు వేరు. కోర్టు అమీనా వచ్చినపుడు జగడమాడక, జప్తు కూడని వస్తువులేవో ప్లీడరు ద్వారా వెంటనే కోర్టుకు తెలుపుకొనవలెను.

అప్పు తీర్చలేనంత మాత్రమున జైలు లేదు. సొమ్ముండియు ఎగవేయువానికే గాని, నిజముగా లేనివానికి జైలు తగదని 1980లో జాలీ జార్జి వర్గీసు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. డబ్బు డిక్రీ క్రింద స్త్రీలను అసలు అరెస్టు చేయరాదు.

ఐ.పి. పెట్టుట

మన ప్రాంతములో ‘ఐ.పి. పెట్టినాడు’ అన్న మాట తిట్టువలె వాడుదురు. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద కోర్టులో వేయు దివాలా దరఖాస్తు మాత్రమే. 2016లో కొత్త దివాలా కోడు వచ్చినది గాని, వ్యక్తులకు చెందిన భాగము కంపెనీ అప్పులకు జామీనున్నవారి విషయమున మాత్రమే 2019 డిసెంబరు నుండి అమలైనది. సామాన్య రైతుకు పాత చట్టమే వర్తించును.

బాకీలు తీర్చలేని స్థితిలో ఉండి, అవి 500 రూపాయలకు తక్కువ కానివారును, డబ్బు డిక్రీ క్రింద అరెస్టో జప్తో అయినవారును దరఖాస్తు పెట్టవచ్చును. డిక్రీ క్రింద ఆస్తి వేలమైనను, అప్పులవారిని మోసగించుటకు ఆస్తి మార్చినను, అది జరిగిన 3 నెలల లోపల అప్పులవారే ఐ.పి. వేయవచ్చును.

కోర్టు దివాలా ప్రకటించిన పిమ్మట, జప్తు చేయరానివి తప్ప తక్కిన ఆస్తి కోర్టుకో రిసీవరుకో చెందును. దానిని అమ్మి అప్పులవారికి వారి వారి బాకీల పాళ్లలో పంచుదురు. అప్పటినుండి కోర్టు అనుమతి లేనిదే ఏ అప్పులవాడును విడిగా వసూలుకు పూనుకొనరాదు. తనఖాదారుని హక్కు మాత్రము అట్లే నిలుచును.

ఇంతటితో పని ముగిసినదని తలపరాదు. కోర్టు పెట్టిన గడువులోపల డిస్చార్జి అనెడు విమోచన ఉత్తరువుకై మరల దరఖాస్తు పెట్టవలెను. అట్లు చేయనిచో దివాలా ప్రకటన రద్దగును. అప్పులవారు మరల మీదికి వత్తురు. డిస్చార్జి వచ్చినను ప్రభుత్వ బాకీలు, మోసముతో చేసిన అప్పులు తీరవు.

చేయరాని పనులు

భూమిని బావమరిది పేర ఊరక వ్రాసిన కాపాడుకొనవచ్చునని కొందరు తలతురు. అట్లు వ్రాసిన 2 ఏండ్లలోపల దాఖలైన ఐ.పి.పై దివాలా ప్రకటనయైనచో రిసీవరు ఆ దస్తావేజును రద్దు చేయించగలడు. ఆస్తిని దాచినట్లు రుజువైనచో ఏడాది వరకు జైలు పడవచ్చును. డిస్చార్జి రానివాడు ఆ సంగతి చెప్పక 50 రూపాయలు అప్పు తెచ్చినను నేరమే. ఎరువుల దుకాణమున ఒక బస్తా అరువు తెచ్చునప్పుడు సైతము ఇది గుర్తుండవలెను.

ముందు ఏమి చేయవలెను?

ఐ.పి. చివరి మార్గము. ముందుగా అప్పులన్నిటిని, ఆస్తినంతటిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. లోక్ అదాలత్తులో రాజీకి యత్నింపుడు. ప్లీడరును పెట్టుకొను స్తోమతు లేనివారు జిల్లా న్యాయసేవా అధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత సహాయము లభించును.

తెగులు కనబడిన నాడే మందు చల్లుదుము గదా! సమను విషయమునను అట్లే. అందిన నాడే కదలిన రైతుకు దారులు ఎక్కువ. అమీనా వాకిట నిలిచిన పిమ్మట అవి తగ్గిపోవును.