ముట్టడి పటం ఎవరి వైపు నుంచి చూస్తుంది?

1857 తిరుగుబాటు కాలంలో, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. దగ్గర్లోని అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లలోంచి కాల్పులు జరిపారు. ఆ పోరు తెల్లారేసరికి అణిగిపోయింది. గోమతి ఒడ్డున లక్నోలో మాత్రం రెసిడెన్సీ ముట్టడి జూన్ 30 నుంచి నవంబర్ దాకా సాగింది. దాని మీద పటాలు, బొమ్మలు విరివిగా వచ్చాయి. అవి విలువైన సాక్ష్యాలే. కానీ లోపల చిక్కుకున్నవారి పక్షాన పలికే సాక్ష్యాలు.

ఆ ముట్టడిని బ్రిటిష్ సేన ఛేదించిన ‘లక్నో విముక్తి’ని 1859లో గొప్ప చిత్రంగా మలచిన థామస్ జోన్స్ బార్కర్ భారతదేశానికి రానేలేదు. అక్కడికి వెళ్లిన చిత్రకారుడు లుండ్‌గ్రెన్ గీసుకొచ్చిన స్కెచ్‌లే ఆయనకు ఆధారం. కెమెరా అబద్ధమాడదంటారా? ఫెలీచే బియాటో లక్నోలోని సికందర్ బాగ్‌ను ఫొటో తీసింది 1858లో, అక్కడి పోరు ముగిసిన నెలల తర్వాత. ముందున్న ఎముకలు ఫొటో కోసం పరిచినవేనని చరిత్రకారులు అనుమానిస్తారు. మరి పటం కొలతతో గీసింది కదా అనొచ్చు. కొలత సరైనదే కావచ్చు. అయితే గబ్బిన్స్, ఇన్నెస్ వంటి అధికారుల పేర్లతో ఎన్నో కాపలా చోట్లను గుర్తించిన ఆ పటాలకు, చుట్టుపక్కల బస్తీ అంటే తూటా వచ్చే దిక్కు మాత్రమే. అందుకే వాటి పక్కన ఆనాటి ఉర్దూ, ఫారసీ కాగితాలనూ పెట్టుకుని చదవాలి. ఆ బస్తీ ఇళ్లలో బతికినవాళ్ల జాడ దొరికేది వాటిలోనే.